ఇందూరు సీమలో యుద్ధచరిత్ర వాదాలు: మర్యాద, హేళన

యుద్ధచరిత్రను చర్చించడం ఎక్కడైనా కష్టమే అయినా, పోరాడిన పక్షాలన్నింటి వారసులూ ఒకే బజారులో, ఒకే కర్మాగారంలో, ఒకే బడిలో కలిసి బతికేచోట ఆ చర్చకు మరింత క్రమశిక్షణ కావాలి. నిజామాబాదు పట్టణం, దానికి పడమరన ఉన్న బోధన్ చెరకు ప్రాంతం అటువంటి చోట్లు. పూర్వం ఇందూరుగా పేరొందిన ఈ సీమలో 1923, 1931 సంవత్సరాల మధ్య మంజీర నదిమీద నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టి, 2,75,000 ఎకరాలకు నీరందించాలన్న లక్ష్యంతో కాలువలు తవ్వడంతో, వర్షాన్ని నమ్ముకొన్న నేల చెరకుకూ వరికీ అనువైంది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసి, దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే పేట ఏర్పడింది. కాలువ నీటిని వెతుక్కొంటూ కోస్తా జిల్లాల రైతులు వచ్చి, నేటికీ ‘క్యాంపులు’గా వ్యవహరించే ఊళ్ళు కట్టుకొన్నారు, నాందేడు సరిహద్దు దగ్గర కావడంతో మరాఠీ కుటుంబాలకు రాకపోకలు సహజమయ్యాయి, ఉర్దూ ఇక్కడ పాలనాభాషగానూ ఇంటిభాషగానూ అప్పటికే స్థిరపడి ఉంది. కోస్తావారికి పల్నాటి కథా బొబ్బిలి కథా, మరాఠీలకు శివాజీ పరాక్రమాన్ని కీర్తించే పొవాడాలు, ఉర్దూ కుటుంబాలకు నిజాం వంశమైన ఆసఫ్‌జాహీల వైభవం, దాని పతనం, స్థానిక తెలుగువారికి నిజాం పక్షపు సాయుధ దళాలైన రజాకార్ల నాటి భయం, వారిమీద తిరుగుబాటు ఇంటింటి జ్ఞాపకాలుగా ఉన్న ఈ నేలమీద ఏ యుద్ధం గురించి నోరు విప్పినా వినేవారిలో ఎవరో ఒకరు ఆ యుద్ధానికి బంధువులై ఉంటారు.

ఈ కారణంచేతనే ఇక్కడి వాదాల్లో మర్యాద, హేళన అనే రెంటి చరిత్రనూ కలిపి చూడవలసి ఉంది. హేళన అంతా చెడ్డదని కొట్టివేయడానికి వీలులేదు. అధికారంలో ఉన్నవారి ప్రగల్భాలకు గురిపెట్టినప్పుడు అది ఈ ప్రాంతపు చరిత్రకు ఎంతో మేలు చేసింది. మృతులకూ, సాక్షులకూ, ఒక సమూహం మొత్తానికీ గురిపెట్టినప్పుడు మాత్రం చరిత్రకు అవసరమైన ఆధారాన్నే అది మాయం చేసింది. ఈ తేడాను గుర్తించడమే యుద్ధచరిత్ర వాదంలో మొదటి మర్యాద.

వాదానికి మర్యాదలు విధించడం భారతీయ శాస్త్రాలకు కొత్త కాదు. గౌతముని న్యాయసూత్రాలు ఇద్దరి మధ్య జరిగే చర్చను మూడు విధాలుగా విభజించాయి. ప్రమాణాలతో, తర్కంతో తన పక్షాన్ని నిలబెట్టుకొంటూ, ఎదుటి పక్షాన్ని పరీక్షిస్తూ, సత్యం తేలడమే ప్రయోజనంగా సాగేది వాదం. గెలుపే ప్రయోజనంగా, అవసరమైతే మాటల మెలికలనుకూడా వాడుకొనేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ స్థాపించకుండా ఎదుటివారి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. వాదంలో ఎవరు ఎప్పుడు ఓడినట్లు లెక్కకు వస్తుందో చెప్పే సందర్భాలను నిగ్రహస్థానాలు అన్నారు, అవి ఇరవైరెండు. మొదట చేసిన ప్రతిజ్ఞకు దెబ్బ తగలగానే దాని స్థానంలో మరొక ప్రతిజ్ఞను తెచ్చిపెట్టడం ప్రతిజ్ఞాంతరం. తనమీద మోపిన దోషాన్ని తొలగించుకోలేక ఆ దోషం నీలోనూ ఉందని ఎదురుతిరగడం మతానుజ్ఞ, అంటే తన పక్షంలో దోషం ఉందని పరోక్షంగా ఒప్పుకోవడం. 1948లో హైదరాబాదు రాజ్యం భారత్‌లో కలిసిన తీరు గురించి తెలంగాణలో సాగే వాదాలను పరిశీలించినవారికి ఈ చివరి నిగ్రహస్థానం ఎంత తరచుగా ఎదురవుతుందో తెలుస్తుంది.

శాస్త్రం వాదానికి హద్దులు చెప్పినట్లే, బోధన్ చుట్టూ అల్లుకొన్న పురాణం యుద్ధానికే హద్దు చెప్పింది. బౌద్ధ వాఙ్మయంలో అస్సక జనపదానికి రాజధానిగా కనిపించే పోతన, జైన పురాణాల్లోని పౌదనపురం నేటి బోధనేనని పలువురు చరిత్రకారులు భావించారు. వేములవాడ చాళుక్యుల తొలి రాజధానికూడా ఇదే. వేములవాడ అరికేసరి ఆస్థానకవి పంపడు 941 ప్రాంతంలో కన్నడంలో రచించిన ఆదిపురాణంలో భరతుడు, పౌదనపుర ప్రభువు బాహుబలి అనే అన్నదమ్ముల మధ్య పోరు ప్రధాన ఘట్టం. రెండు సేనలు మోహరించిన వేళ, సైనికుల ప్రాణాలు వ్యర్థంగా పోకూడదని మంత్రులు ఆలోచించి, అన్నదమ్ములిద్దరే దృష్టియుద్ధం, జలయుద్ధం, మల్లయుద్ధం అనే మూడు పోటీల్లో తేల్చుకోవాలని నిర్ణయించారని కథ. రెప్ప వేయకుండా ఒకరినొకరు చూడడం, నీళ్ళు చిమ్ముకోవడం, కుస్తీ పట్టడం అనే ఈ మూడింటిలోనూ గెలిచిన బాహుబలి, ఆ గెలుపు తెచ్చిపెట్టిన అవమానాన్ని అన్న ముఖంలో చూసి రాజ్యాన్నే విడిచిపెట్టాడు. పురాణాన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయితే గెలిచినవాడు ఓడినవాడి పరువును తలచుకోవడం గెలుపులో భాగమేనన్న ఆదర్శాన్ని ఈ పట్టణం పేరుతో ముడిపెట్టుకొన్న కథ వెయ్యేళ్ళకు పైగా చెలామణిలో ఉందన్నది మాత్రం చారిత్రక సత్యమే.

యుద్ధకథలో హేళనకు ఒక చోటు కేటాయించిన కళారూపం తెలుగువారికి ఉండనే ఉంది. బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడుమ నిలిచిన కథకుడు భుజాన తంబురా మోపి, వేళ్ళకు అందెలు తొడిగి కథ నడుపుతాడు. ఇరుపక్కలా డక్కీలు వాయించే వంతలిద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యగాడు కథను ఆపి చమత్కరించవచ్చు, ప్రశ్నించవచ్చు, నేటి పాలకులను నాటి దొరలతో పోల్చి వెక్కిరించవచ్చు. కానీ వీరుడు నేలకొరిగే ఘట్టం వచ్చేసరికి డక్కీల దరువు మారి, ముగ్గురి గొంతులూ కరుణలో కలుస్తాయి. పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి యుద్ధాన్నీ ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. ఎవరి యుద్ధాన్ని ఎవరు చెప్పాలన్న ప్రశ్నను ఆ ప్రేక్షకులు వేయలేదు. నవ్వుకు చోటిచ్చి, ఆ చోటుకు గీత గీసిన ఈ పద్ధతి వ్రాతపూర్వక చరిత్రకుకూడా పనికివచ్చేదే.

నిజాం రాజ్యంలో హేళనకు తెలుగువారు ఇచ్చిన జవాబులను చూస్తే మరొక సంప్రదాయం కనిపిస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా, సభికులు చప్పట్లతో, అల్లరితో ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. అక్కడినుంచి సాగిన కృషిలో భాగంగా లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊళ్ళలోని శాసనాలను వెతికి నకళ్ళు తీసి ప్రచురించింది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణ ఒక పత్రికలో వెలువడినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ మాట అన్నవారిని తిట్టిపోయడంతో సరిపెట్టుకోలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించాడు. సభలు జరపడానికి ముందస్తు అనుమతి కావాలని గస్తీ నిశాన్ 53 అనే ఉత్తర్వు శాసిస్తున్న రోజుల్లోనే 1937లో ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం నిజామాబాదులో జరిగింది. దానికి అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికను నడిపినవాడు. తెలుగువారి సభకు ఉర్దూ పత్రికా సంపాదకుడు పెద్దగా కూర్చోవడంలో ఆ తరానికి వైరుధ్యమేదీ తోచలేదు. ఎగతాళికి ఎగతాళితో బదులిచ్చి ఉంటే ఆ రోజుతోనే ముగిసిపోయే తగాదాలు, ఆధారాల సేకరణతో బదులివ్వడంవల్ల శాశ్వతమైన జ్ఞానసంపదగా మారాయి.

ఇందూరు సీమ వాదాలకు నేడు కేంద్రంగా ఉన్నది 1948 సెప్టెంబరు. భారత ప్రభుత్వంతో 1947 నవంబరు 29న నిజాం కుదుర్చుకొన్న యథాతథ ఒప్పందం నిలవలేదు. కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు, అంటే పాలనను కాపాడతామంటూ బయలుదేరిన సాయుధ స్వచ్ఛంద దళాలు, ఊళ్ళమీద దాడులకు తెగబడ్డారు. సెప్టెంబరు 13న భారత సైన్యం అన్ని వైపులనుంచీ రాజ్యంలో ప్రవేశించింది. ప్రధాన దండు షోలాపూర్ వైపునుంచి నల్‌దుర్గ్ మీదుగా, రెండోది బెజవాడ వైపునుంచి సూర్యాపేట మీదుగా నడిచింది. 17న నిజాం యుద్ధవిరమణ ప్రకటించగా, 18న హైదరాబాదు సేనాని ఎల్ ఎద్రూస్ భారత సేనాని జయంతనాథ్ చౌదరికి లొంగిపోయాడు. సైనిక పరిభాషలో ఇది ‘ఆపరేషన్ పోలో’; ప్రభుత్వం లోకానికి చెప్పిన పేరు పోలీసు చర్య. హైదరాబాదు తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తీసుకువెళ్ళి ఉన్నందున, ఇది రెండు దేశాల మధ్య యుద్ధమా, ఒక దేశపు అంతర్గత శాంతిభద్రతల వ్యవహారమా అన్న న్యాయప్రశ్న ఆ పేరులో ఇమిడి ఉంది.

ప్రధాన దండులు నడిచిన దారులకు దూరంగా ఉన్న నిజామాబాదుకు ఈ చరిత్రలో వేరొక స్థానం ఉంది. ఇందూరు ఖిల్లాలోని జైలులో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. కాగితం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడలమీద పద్యాలు వ్రాసి, నిజాం పాలనను పరుషమైన మాటలతో దూషించాడు. ఆ ఆవేశమే 1949లో వెలువడిన ‘అగ్నిధార’ కావ్యంలో నిలిచింది. ఆ దూషణ ఎవరివైపు సాగిందో గమనించవలసి ఉంది. అది సింహాసనంమీద కూర్చున్నవాడికీ, అతని పేర జరిగే దోపిడీకీ గురిపెట్టింది. ఉర్దూ మాట్లాడే పొరుగువాడిమీదికి పోలేదు. ఆ కవే తరువాతి కాలంలో గాలిబ్ గజళ్ళను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగువారికి అందించాడు. రాజును తిట్టిన నోటితోనే రాజభాషలోని మహాకవిని ప్రేమించగలగడం ఆ తరం పాటించిన మర్యాదకు నిలువెత్తు నిదర్శనం. ఖైదీ పాలకుణ్ణి వెక్కిరించడంలో ప్రాణాపాయం ఉంది. ఓడిపోయినవారిని గెలిచినవారు వెక్కిరించడంలో ఏ అపాయమూ లేదు. మొదటిదాన్ని సాహసంగా, రెండోదాన్ని సంస్కారలోపంగా లెక్కించవలసింది ఇందుకే.

ఆనాటి ప్రగల్భాలకుకూడా చరిత్రలో స్థానం ఉంది. ఎర్రకోటమీద ఆసఫ్‌జాహీ జెండా ఎగురవేస్తామని, బంగాళాఖాతపు అలలు నిజాం పాదాలు కడుగుతాయని రజ్వీ పలికిన మాటలు అయిదు రోజుల్లో నవ్వులపాలయ్యాయి. ఆ నవ్వుకు రజ్వీ పాత్రుడే. అయితే కాలక్రమాన ఆ నవ్వు హైదరాబాదు సైనికులందరిమీదికీ పాకి, వారు యుద్ధమే ఎరుగరన్న వాడుకగా మారినప్పుడు తప్పుడు చరిత్ర పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో, 1941 డిసెంబరులో జపాను సేనలు మలయా తీరంలో దిగినప్పుడు కోటబారు విమానాశ్రయాన్ని కాపాడే పనిలో ఉన్నది ఒకటో హైదరాబాదు పదాతి దళమే. 1948లో యుద్ధట్యాంకుల బలమున్న భారత సేన ముందు చిన్న సంస్థాన సైన్యం నిలవలేకపోవడానికి కారణాలను ఆయుధబలంలో, దౌత్యంలో, ఏలికల మొండితనంలో వెతకాలి. పిరికితనమనే ఒక్క మాటతో తేల్చివేసినవారు ఆ వెతుకులాటకే తలుపు మూసినవారవుతారు.

యుద్ధం ముగిశాక పుస్తకాల పోరు మొదలైంది. సంస్థానాల విలీనాన్ని నడిపిన వి.పి. మీనన్ 1956లో, హైదరాబాదులో భారత ప్రతినిధిగా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో తమ కథనాలను ప్రచురించారు. నిజాం చివరి ప్రధాని లాయక్ అలీ 1962లో కరాచీనుంచి ఎదుటిపక్షం కథను వినిపించాడు. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ 1967లో తన జ్ఞాపకాలను వెలువరించాడు. ఎద్రూస్ ఆత్మకథ 1994లోనూ, 1948లో ఉస్మానాబాదు కలెక్టరుగా ఉన్న మహమ్మద్ హైదర్ జ్ఞాపకాలు 2012లోనూ వెలుగు చూశాయి. ఇవన్నీ పాల్గొన్నవారి రచనలు కాబట్టి ప్రతిదానిలోనూ ఆత్మసమర్థన ఉంది. ఏ ఒక్కదాన్ని ఎగతాళి చేసి పక్కన పెట్టినా ఒక సాక్ష్యం తగ్గిపోతుంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో కలిసి పనిచేసిన కమ్యూనిస్టు నాయకుల మధ్యకూడా ఇటువంటి వివాదమే నడిచింది. భారత సైన్యం వచ్చాకకూడా 1951 అక్టోబరు వరకు సాయుధ పోరాటాన్ని కొనసాగించడం రైతుల చేతికి వచ్చిన భూమిని కాపాడుకోవడానికి అవసరమైందని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వాదించగా, అది పొరపాటని రావి నారాయణరెడ్డి 1973లో వాదించాడు. విమర్శ తీవ్రంగానే ఉన్నా, ఏ తేదీ తరువాత పరిస్థితి ఎలా మారింది, ఏ నిర్ణయంవల్ల ఎవరికి నష్టం కలిగింది అన్న ప్రశ్నల చుట్టూ అది తిరగడంవల్ల, ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివే పాఠకుడు ఇద్దరినుంచీ నేర్చుకోగలుగుతున్నాడు.

సెప్టెంబరు 17ను ఏ పేరుతో తలచుకోవాలన్న తగవు ఈ వారసత్వంలోనిదే. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని మరికొందరు అంటుండగా, ఉర్దూలో సుకూత్, అంటే పతనం, అన్న మాట వాడుకలో ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగానూ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ ఒకే రోజును జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవంగా ప్రకటించింది. ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క అనుభవాన్ని వ్యక్తం చేస్తాయి. రజాకార్ల దాడిలో అయినవారిని కోల్పోయిన భైరాన్‌పల్లి కుటుంబానికి ఆ రోజు విమోచనమే. సైనిక చర్య జరిగిన రోజుల్లో ఇంటి మగవారిని కోల్పోయిన ఉస్మానాబాదు ముస్లిం కుటుంబానికి అది పతనమే.

మతానుజ్ఞ తల ఎత్తేది ఇక్కడే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండను ఒకరు ప్రస్తావించగానే, సైనిక చర్య తరువాతి మరణాల మాటేమిటని రెండోవారు అడుగుతారు. ఆ మరణాలను ప్రస్తావించగానే రజాకార్ల మాటేమిటని మొదటివారు అడుగుతారు. ప్రశ్నలు రెండూ న్యాయమైనవే, కానీ ఒకటి మరొకదానికి సమాధానం కాదు. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 చివర్లో జిల్లాలు తిరిగి ఇచ్చిన నివేదిక, సైనిక చర్య కాలంలోనూ ఆ తరువాతా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని పేర్కొంది. వీటిలో నాందేడు బోధన్‌కు పొరుగు జిల్లా. హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన సందర్భాలనుకూడా ఆ నివేదిక నమోదు చేసింది. దశాబ్దాలపాటు అది అచ్చుకాకుండా ఉండిపోయి, 2013 ప్రాంతంలో మాత్రమే ఢిల్లీలో పాఠకులకు అందుబాటులోకి రావడంవల్ల, మధ్యకాలమంతా ఆధారం ఉండవలసిన చోట వదంతి రాజ్యమేలింది. ఆ అంకెను అయిదు రోజుల పోరులో మరణించిన సైనికుల సంఖ్యగా చెప్పడమూ తప్పే, అసలు జరగలేదని నవ్వివేయడమూ తప్పే. ఏ కాలానికి, ఏ జిల్లాలకు, ఎవరు వేసిన అంచనా అన్న మూడు వివరాలు లేకుండా ఆ అంకెను పలకకపోవడం మర్యాద.

సమూహాన్ని మొత్తంగా దోషిని చేసే వాదానికి షోయబుల్లాఖాన్ జీవితమే సమాధానం. నిజామాబాదు సభకు అధ్యక్షుడైన నరసింగరావు ‘రయ్యత్’ పత్రికలో పనిచేసి, తరువాత ‘ఇమ్రోజ్’ను స్థాపించిన ఈ యువ సంపాదకుడు, రజాకార్ల దౌర్జన్యాలను ఉర్దూలోనే ఖండిస్తూ, హైదరాబాదు భారత్‌లో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. రజాకార్లు చేసినదాన్ని రజాకార్ల పేరనే, గుంపులు చేసినదాన్ని గుంపుల పేరనే చెప్పాలి. ఒక మతం పేరన చెప్పిన క్షణంలో షోయబుల్లాఖాన్ చరిత్రనుంచి అదృశ్యమవుతాడు, అలాగే పొరుగువారిని దాచిపెట్టి కాపాడిన హిందూ కుటుంబాలూ అదృశ్యమవుతాయి.

ఈ వాదాలు గ్రంథాలకే పరిమితమై ఉంటే తొందర ఉండేది కాదు. 2022 మార్చిలో బోధన్ కూడలిలో శివాజీ విగ్రహ ప్రతిష్ఠ విషయమై రెండు వర్గాలు తలపడి, పట్టణంలో నిషేధాజ్ఞలు విధించవలసి వచ్చింది. మూడు శతాబ్దాలకు పూర్వపు సేనానిని గౌరవించే తీరు గురించిన భేదాభిప్రాయం ఒక్కరోజులో రాళ్ళు రువ్వుకొనేదాకా పోగలదని తెలిసిన ఊళ్ళో, చరవాణుల్లో క్షణాల్లో చేతులు మారే ఎగతాళి మాటకు బరువు ఎక్కువ. చక్కెర కర్మాగారం 2015లో మూతపడ్డాక, పలుభాషల కార్మికులు పక్కపక్కన పనిచేసి, ఒకరి మాట ఒకరు వినే చోటుకూడా ఒకటి ఈ ప్రాంతానికి తగ్గిపోయింది.

అందువల్ల ఇందూరు సీమకు తగిన వాదమర్యాదను ఇక్కడి చరిత్రనుంచే కూర్చుకోవచ్చు. ప్రతిజ్ఞను ముందే స్పష్టంగా చెప్పి మధ్యలో మార్చకుండా ఉండడం, పాల్గొన్నవారి జ్ఞాపకానికీ అధికార పత్రానికీ తేడా చూపడం, ఎదుటి పక్షపు అత్యుత్తమ గ్రంథాన్ని చదివాకే దాన్ని ఖండించడం, తన పక్షపు దోషాన్ని ఇతరుల దోషం చాటున దాచకుండా ఒప్పుకోవడం, నవ్వును అధికారానికే గురిపెట్టి చనిపోయినవారినీ బతికి చెప్పేవారినీ దానికి దూరంగా ఉంచడం ఇందులోని ప్రధాన నియమాలు. వీటిని పాటించినవారు వాదంలో మెతకబడిపోతారన్న భయం అక్కరలేదు. సురవరం, దాశరథి, సుందరయ్య, షోయబుల్లాఖాన్‌లలో మెతకవారు ఎవరూ లేరు. 1948నాటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వెక్కిరింపుకు జంకి ఒక వృద్ధుడు తన ఇంట్లో జరిగింది చెప్పకుండా ఊరుకొంటే, ఆ నష్టం అన్ని పక్షాలదీ అవుతుంది, ఆ తరువాత ఏ పరిశోధకుడూ దాన్ని పూడ్చలేడు. నిజామాబాదు, బోధన్ బడుల్లో, గ్రంథాలయాల్లో, ఇళ్ళలో చేయవలసిన మొదటి పని, వారి మాటను తెలుగులోనూ ఉర్దూలోనూ మరాఠీలోనూ నమోదు చేసి, మూడింటినీ ఒకేచోట చదువుకొనే వీలు కల్పించడం.